కొంగ కూర్చోదు

పొద్దున్నే కాఫీ ఫిల్టర్‌లో వేణ్ణీళ్ళు పోశాక కృష్ణకుమారి చేసే రెండో పని కుర్చీ వేయడం. డైనింగ్ టేబుల్ దగ్గర కిటికీ వైపున్న కుర్చీని, ఈడిస్తే కింది వాటా వాళ్ళు విసుక్కుంటారని రెండు చేతులా ఎత్తి, సోఫా చుట్టూ తిప్పి తీసుకెళ్ళి, వీధి తలుపు పక్కన బూట్ల స్టాండుకి ఎదురుగా పెట్టేది. విశ్వనాథం స్నానం చేసి వచ్చి అందులో కూర్చునేవాడు. మోకాళ్ళకి నొప్పుల నూనె మర్దనా చేసుకుని, ప్యాంటు కిందికి లాక్కుని, బూట్ల లేసులు కట్టుకునేవాడు. కట్టుకుంటూ ఊరుకునే మనిషి కాదు. "కుమారీ, రేపు నేను పైకి పోయినా వెనకాలే ఓ కుర్చీ పంపిస్తావేమో" అనేవాడు. "పొద్దున్నే ఏం మాటలండీ అవి" అని ఆవిడ కసిరేది.

పోయిన అక్టోబరు నుంచి ఆ కుర్చీలో కూర్చునే మనిషి లేడు. ఆ సంగతి ఆవిడ చేతులకి ఇంకా తెలియలేదు. కాఫీ దిగేలోపు అవి వెళ్ళి కుర్చీని అందుకుంటాయి. సగం దూరం వెళ్ళాక గుర్తొస్తుంది. అక్కడే ఆగిపోయి, కుర్చీని పొట్టకి ఆనించుకుని కాసేపు నిలబడి, తిరిగి టేబుల్ దగ్గర పెట్టేస్తుంది. అమెరికాలో, రెడ్‌మండ్ ఊళ్ళో, చలికాలమంతా ఆవిడకి ఇలాగే తెల్లారింది.

ఆ కుర్చీ పిచ్చి ఊరికే పట్టింది కాదు. చీరాల దగ్గర పల్లెలో వాళ్ళ నాన్న మగ్గం నేసేవాడు. నేసిన చీరలు షావుకారు ఇంటికి తీసుకెళ్ళినప్పుడల్లా ఆయన్ని వసారాలో నిలబెట్టేవాళ్ళు. షావుకారు మడతలు విప్పి, అంచు చూసి, వంక పెట్టి, లోపలికెళ్ళి భోంచేసి వచ్చేదాకా అలాగే నిలబడాలి. పక్కన బెంచీ ఖాళీగానే ఉండేది. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ ఎంత ఇచ్చారని అడిగేది కాదు. "ఇవాళైనా కూర్చోమన్నారా?" అని అడిగేది. ఆయన మంచినీళ్ళు తాగి మగ్గం గుంటలోకి దిగిపోయేవాడు.

ఏడో తరగతితో బడి మానేసిన కృష్ణకుమారికి చదివిన పాఠాలేవీ గుర్తులేవు గానీ, ఆ ప్రశ్న మాత్రం గుండెలో ఉండిపోయింది. మనిషిని నిలబెట్టడమంటే చిన్నబుచ్చడమే. అందుకే ఇంటికి ఎవరొచ్చినా ముందు కుర్చీ చూపించేది. పార్సెల్ తెచ్చిన కుర్రాడికి కూడా చూపిస్తే వాడు హడిలిపోయి మెట్లు దిగిపోయేవాడు. "అమ్మా, ప్లీజ్, వాళ్ళకి వేరే ఇళ్ళు ఉన్నాయి" అని కూతురు దేదీప్య తల పట్టుకునేది.

విశ్వనాథం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మీద రెండు వేల ఒకటిలో అమెరికా వచ్చాడు. రోజంతా కుర్చీలో కూర్చుని, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే బిగుసుకుపోతాయి, నిలబడితే సర్దుకుంటాయి. అది ఆయన చెప్పేవాడు కూడా. కృష్ణకుమారి చెవిన మాత్రం 'నొప్పులు' అన్న మాట ఒక్కటే పడేది.

ఆఫీసులో ఒకాయన ఓ ఆదివారం ఆయన్ని సాకర్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. కాలితో ఆడే బంతాట. చిన్న టీము, చిన్న మైదానం. జెండా మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ. గోలు వెనక చెక్క బెంచీల మెట్లుంటాయి, వాటి మీద ఎవరూ కూర్చోరు. గంటన్నర సేపు నిలబడి, పాటలు పాడి, డోలు వాయిస్తారు. విశ్వనాథం ఆ ఆదివారం నుంచి మరి వెనక్కి చూడలేదు. ఇంట్లో గట్టిగా తుమ్మని మనిషి అక్కడ గొంతు పోయేలా అరిచి వచ్చేవాడు. ఆ గుంపులో ఆయన పేరు విష్. డోలు వాయించే డెన్నిస్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయనకి విశ్వనాథం ఒక తెలుగు మాట నేర్పాడు. బంతి గోలు దగ్గరికి రాగానే డెన్నిస్ డోలు మీద రెండు దెబ్బలు కొట్టి "వేసెయ్!" అనేవాడు. వెనక రెండొందల మంది తెల్లవాళ్ళు "వేసెయ్!" అని అరిచేవాళ్ళు.

"వేసెయ్ ఏమిటండీ, హత్య చేయమన్నట్టు" అంది కృష్ణకుమారి మొదటిసారి విన్నప్పుడు.

"గోల్ వేసెయ్ అనే. వాళ్ళకి చాలా నచ్చింది. నువ్వూ రా ఒకసారి."

రెండు వేల పదిలో, వసంతం రోజుల్లో ఆవిడ వెళ్ళింది. పదమూడేళ్ళ దేదీప్య కూడా ఉంది. తల్లీకూతుళ్ళకి విశ్వనాథం పక్క వరసలో వీపు ఆనించుకునే కుర్చీలకి టికెట్లు తీశాడు. తను గోలు వెనక్కి వెళ్ళిపోయాడు. ఆట మొదలైంది. బంతి ఎక్కడుందో కృష్ణకుమారికి అర్థం కాలేదు. ఆవిడ చూపంతా ఆయన మీదే. సన్నగా తుంపర పడుతోంది. ఆయన నిలబడే ఉన్నాడు. సగం ఆట అయింది, జనం కాఫీలకి లేచారు. ఆయన నిలబడే ఉన్నాడు. తను ఇక్కడ మెత్తటి కుర్చీలో, ఆయన అక్కడ నిలువుకాళ్ళ మీద. షావుకారు వసారా గుర్తొచ్చింది. డబ్బిచ్చి టికెట్ కొన్న మనిషికి కూర్చోమనే మాట కూడా లేదు.

పసుపు కోటు వేసుకున్న స్టేడియం మనిషి ఒకావిడ అటుగా వెళుతుంటే కృష్ణకుమారి చెయ్యెత్తి ఆపింది.

"దీపూ, చెప్పు. మీ నాన్నని నిలబెట్టారు. కాళ్ళ నొప్పుల మనిషి. ఓ కుర్చీ ఇవ్వమను."

"అమ్మా, అక్కడ అందరూ అట్లాగే..."

"చెప్పవే ముందు."

దేదీప్య చెప్పింది. "షీ సేస్ దే మేక్ మై డాడ్ స్టాండ్. హీ హాజ్ బ్యాడ్ నీస్."

"దే మేక్ హిమ్?" ఆ పసుపు కోటు ఆవిడ మొహం మారిపోయింది. వాకీటాకీలో ఏదో అంది. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, పిల్ల ముందు వంగి మరీ మర్యాదగా అడిగాడు. ఎవరు నిలబెడుతున్నారు, కూర్చుంటానంటే ఒప్పుకోవడం లేదా అని. దేదీప్య తల్లి వంక చూసింది.

"ఒక్కడైనా కూర్చున్నాడా అక్కడ? మీ నాన్నొక్కడే ఎట్లా కూర్చుంటాడు?" అంది కృష్ణకుమారి.

పిల్ల కాసేపు ఆలోచించి, దాన్ని ఒక్క ముక్కలో చెప్పేసింది. "నో వన్ లెట్స్ హిమ్ సిట్."

ఆయన తలాడించి, థాంక్యూ చెప్పి వెళ్ళాడు. ఈ దేశం వచ్చాక తన మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు కృష్ణకుమారికి అంతదాకా తగల్లేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు కార్‌లో ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. కుర్చీ వచ్చాక ఆయనే ఆశ్చర్యపోతాడులే అనుకుంది.

కుర్చీ వచ్చింది. ఒకటి కాదు, ఆ మెట్ల నిండా వచ్చాయి. మరుసటేడు ఆటలు మొదలయ్యే సరికి చెక్క బెంచీలు పీకేసి, నంబర్లు వేసిన ప్లాస్టిక్ కుర్చీలు బిగించారు. అందరూ కూర్చునే చూడాలని బోర్డు పెట్టారు, డోలు తేవద్దన్నారు. అంతకు ముందే ఎవరో బెంచీ మీంచి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారట. టీమ్ వాళ్ళకి ఎప్పట్నుంచో కుర్చీల ఆలోచన ఉండనే ఉంది. అయితే అందరితో చెప్పిన కారణం మాత్రం ఇది: మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని కూడా ఆ గుంపు బలవంతంగా నిలబెడుతోందని ఒక కుటుంబం వచ్చి చెప్పుకుందని.

ఆ కబురు విశ్వనాథమే ఇంటికి తెచ్చాడు. "ఎవరో కంప్లైంట్ చేశారట" అన్నాడు అన్నం కలుపుకుంటూ. దేదీప్య కంచంలోంచి తలెత్తలేదు. కృష్ణకుమారి నెయ్యి గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళి, అది ఎదురుగానే ఉన్నా వెతుకుతూ ఉండిపోయింది.

కుర్చీలు వేశాక మొదటి మ్యాచ్ నుంచి ఆయన రాగానే అడిగింది. "ఏమండీ, హాయిగా కూర్చుని చూశారా?"

"ఆ, హాయిగానే ఉంది" అన్నాడు. బూట్లు విప్పుకుంటున్నాడు. గొంతు కొంచెం కూడా బొంగురుపోలేదు.

ఇంకో నాలుగైదు ఆటలకి వెళ్ళి మానేశాడు. మోకాళ్ళు, అన్నాడు. ఆ తర్వాత కొంగల ఆట ఏదొచ్చినా ఇంట్లో టీవీలోనే. అదీ కూర్చుని కాదు. నిక్కరు వేసుకుని, మోకాళ్ళకి నూనె పట్టించుకుని, సోఫా వెనక నిలబడేవాడు. సోఫా వీపుని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు దానికి ఆనించి, ఒరుగుతూ, ఊగుతూ చూసేవాడు. గోలు దగ్గరికి బంతి వస్తే నోట్లో నోట్లోనే "వేసెయ్" అనేవాడు.

"కూర్చోండీ, ఎవరొద్దన్నారు? ఇంటి నిండా కుర్చీలే."

"కొంగ కూర్చోవడం ఎప్పుడైనా చూశావుటే?"

శనివారం శనివారం కృష్ణకుమారి సబ్బునీళ్ళలో గుడ్డ పిండి ఆ సోఫా తుడిచేది. వీపు మీద అరచేతుల జిడ్డు, వెనక గుండ్రంగా రెండు మోకాళ్ళ నూనె మరకలు. వారమంతా తిట్టుకునేది. "ఇల్లంతా నొప్పుల నూనె వాసన! సోఫాకి కూడా కీళ్ళవాతం వచ్చినట్టుంది" అనేది. తుడిచేది. మళ్ళీ ఆటకి మళ్ళీ పడేవి.

పోయిన అక్టోబరులో ఒక మధ్యాహ్నం, ఆఫీసులో భోజనం చేసి వచ్చి కూర్చున్న మనిషి కుర్చీలోనే తల వాల్చేశాడు. గుండె, అన్నారు డాక్టర్లు. ఎక్కువసేపు కూర్చుని చేసే ఉద్యోగాలు మంచివి కావని కూడా ఎవరో అన్నారు. ఓదార్చడానికే అన్నారు. కృష్ణకుమారికి అది మరోలా వినిపించింది. నిలబడ్డ మనిషిని తనే పట్టుబట్టి కూర్చోబెట్టింది. దేదీప్యతో అంటే "అమ్మా, సైన్స్ అట్లా వర్క్ చెయ్యదు" అంది. ఆవిడ గుండెకి సైన్స్ తెలియదు.

మార్చిలో ఒక శనివారం డెన్నిస్ వచ్చాడు. మెడలో కొంగ బొమ్మ మఫ్లరు, చేతిలో అరటిపండు కేకు. ఫోటోల్లో చూసినదానికంటే ముసలివాడైపోయాడు. కృష్ణకుమారి వెంటనే కిటికీ వైపు కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోకుండా దాని వెనక నిలబడి, వీపు పట్టుకుని మాట్లాడాడు. కాలేజీ నుంచి వారాంతానికి వచ్చిన దేదీప్య ముక్క ముక్కా తెలుగులో చెప్పింది.

సంగతేమిటంటే, ఆ ప్లాస్టిక్ కుర్చీలు వేశాక కూడా జనం నిలబడ్డం మానలేదు. గోలు పడితే ఎవరు కూర్చుంటారు? కుర్చీ అంచు పిక్కల్లో గుచ్చుకుని ముందుకు తూలుతున్నారు, పట్టుకోవడానికి ఏమీ లేదు. పోయిన వేసవిలో ఒకమ్మాయి రెండు వరసలు దాటి కిందికి దొర్లిందట. అందుకని ఇప్పుడు వీళ్ళంతా కలిసి టీమ్ వాళ్ళని ఒకటే అడుగుతున్నారు. నిలబడే చోటు మళ్ళీ ఇవ్వండి, ఈసారి ప్రమాదం లేకుండా ఇవ్వండి అని. ప్రతి వరసకీ నడుమెత్తున ఇనప కమ్మీ వేస్తారు. తూలినా కమ్మీ ఆపుతుంది, ముందువాళ్ళ మీద పడరు. కూర్చోవాలనుకున్న వాళ్ళకి కమ్మీకే మడతపెట్టే సీటు ఉంటుంది. వచ్చే గురువారం మీటింగు. ఒప్పుకుంటే, ముందు వరస కమ్మీ మీద విష్ పేరు చెక్కించాలని డెన్నిస్ ఆశ.

ఆ తర్వాత డెన్నిస్ గొంతు తగ్గించి ఇంకేదో అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. దేదీప్య తెలుగులో చెప్పలేదు.

"ఏమంటున్నాడే?"

"ఏం లేదు అమ్మా. సారీ అంటున్నాడు."

కృష్ణకుమారికి ఇంగ్లీషు రాదు గానీ, 'కంప్లైన్' అన్న మాట ఎక్కడున్నా వినిపిస్తుంది. ఐదేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే చెవులు రిక్కించుకుని బతుకుతోంది. డెన్నిస్ దాన్ని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ పక్కన విష్ అని ఉంది.

ఆయన మెట్లు దిగిపోగానే కూతురి చెయ్యి పట్టుకుంది. "చెప్పు."

"నాన్న వాళ్ళకి... కంప్లైంట్ తనే చేశాను అని చెప్పాడంట. కుర్చీ నేనే అడిగాను అని. అందుకే వాళ్ళు ఒక సీజన్ మొత్తం నాన్నతో మాట్లాడలేదంట. డెన్నిస్ అంకుల్ కూడా. ఇప్పుడు ఫర్గివ్ చేశారంట. కానీ కొంతమంది ఇంకా ఒప్పుకోవట్లేదు. ఆయన వల్లే పోయింది కదా, ఆయన పేరెందుకు అంటున్నారంట."

కృష్ణకుమారి చెయ్యి వదల్లేదు. "మీ నాన్నకెట్లా తెలుసు?"

"ఆ టై ఆయన నాన్నకి ఫోన్ చేశాడు, అప్పుడే. నాన్న మర్నాడు నన్ను స్కూల్‌కి తీసుకెళ్తూ కార్‌లో అడిగింది. నేను చెప్పేశాను." ఏడుపొస్తే దేదీప్య నోట్లో నాన్న కూడా 'అడిగింది' అయిపోతాడు. "అమ్మకి తెలుసని చెప్పకు అన్నాడు. అమ్మ బాధపడుతుంది అన్నాడు. ఐ వాజ్ థర్టీన్ అమ్మా. నో వన్ లెట్స్ హిమ్ సిట్ అని నువ్వు అనలేదు. అది నేనే అన్నాను."

తల్లీకూతుళ్ళిద్దరూ ఐదేళ్ళుగా ఒకే రాయి చెరో వైపు మోస్తున్నారని అప్పుడు తెలిసింది. మూడో వైపు ఆయన మోసి వెళ్ళిపోయాడు.

మధ్యలో ఉన్న రోజులు కృష్ణకుమారికి ముద్ద దిగలేదు. మోకాళ్ళన్నాడు. స్నేహితులు మొహం తిప్పుకుంటున్నారని అనలేదు. పక్కింటి పద్మజ, కరీంనగర్ పిల్ల, చారు తెచ్చిస్తే ఆమె దగ్గర ఉన్నదంతా కక్కేసింది.

పద్మజ అంతా విని గిన్నె మూత పెట్టింది. "ఏందక్కా, గిప్పుడు గది చెప్పుకుంటే ఏమొస్తది? వాళ్ళు మాఫీ చేసిన్రంటున్నవ్ గద. చేసినట్లే ఉండనియ్. రేపు నువ్వు పోయి నేనే అంటే, గా కమ్మీలు గిమ్మీలు అన్నీ ఆగిపోతే?"

"ఆయన మీద పడ్డది పద్మజా."

"ఆయన కావాలని ఎత్తుకున్నడు. నీ కోసం ఎత్తుకున్నడు. ఆయన మాట తీసేస్తవా?"

ఆ మాటని కృష్ణకుమారి రెండు రాత్రులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఊరుకుంటే ఆయన మాట నిలబడుతుంది. ఊరుకుంటే ఆయన పేరు మీద మచ్చ కూడా నిలబడుతుంది. చేయని తప్పుకి క్షమించబడ్డ మనిషిగా ఆయన కమ్మీ మీద ఉండిపోతాడు. కొందరు ఒప్పుకోకపోతే ఆ పేరూ ఉండదు. దేన్ని నిలబెట్టాలో ఆవిడకి తెలియలేదు. చివరికి వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. బెంచీ పక్కన పెట్టుకుని నిలబడ్డ మనిషి. ఎవరూ ఒక్క మాట అనలేదు ఆయన తరఫున. వసారాలో చిన్న కృష్ణకుమారి కూడా ఉండేది. తనూ అనలేదు.

గురువారం సాయంత్రం మీటింగు ఒక లైబ్రరీ హాల్లో. ఇనప మడత కుర్చీలు వరసగా వేశారు. ముందు బల్ల దగ్గర ఆ టై ఆయనే, ఇప్పుడు కాస్త జుట్టు తెల్లబడింది. కమ్మీల గురించి బొమ్మలు చూపించారు, ప్రశ్నలు అడిగారు, జవాబులు చెప్పారు. చివర్లో డెన్నిస్ విష్ పేరు సంగతి ఎత్తాడు. వెనక వరసలో ఎర్ర కోటు పెద్దావిడ లేచి ఏదో గట్టిగా అంది. కొందరు అవునన్నారు.

కృష్ణకుమారి లేచింది. మీటింగు కోసమే కాలేజీ నుంచి మళ్ళీ వచ్చిన దేదీప్య కూడా లేచింది, ముందుగా అనుకున్నట్టే.

టై ఆయన గబగబా ఒక కుర్చీ ఆవిడ దగ్గరికి జరిపాడు. "ప్లీజ్, మామ్. హావ్ ఎ సీట్."

జన్మలో మొదటిసారి ఒక కుర్చీ ఆవిడకి వద్దనిపించింది. "నిలబడే చెప్తానండీ" అంది తెలుగులోనే. ఆ కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుంది. పట్టుకున్నాక, ఆయన సోఫాని ఎందుకు అలా పట్టుకునేవాడో చేతులకి తెలిసింది.

"కంప్లైంట్ ఇచ్చింది మా వారు కాదు. నేను. మా వారికి కుర్చీ అడిగాను. మా ఊళ్ళో మనిషికి కూర్చోమని చెప్పకపోతే అవమానం. మీరంతా కలిసి ఆయన్ని నిలబెట్టారనుకున్నాను. ఆయనంతట ఆయనే నిలబడ్డాడని నాకు తెలియలేదు."

దేదీప్య మొదలుపెట్టి, సగంలో ఆగింది. 'నిలబెట్టారు' దగ్గర. ఒకప్పుడు ఆ మాటని ఎక్కడ విరిచిందో సరిగ్గా అక్కడే. తర్వాత చాలాసేపు చెప్పింది. తల్లి చెప్పినదానికి మూడింతలు. మధ్యలో 'మై మిస్టేక్' అని వినపడింది.

కృష్ణకుమారి మోచేత్తో పొడిచింది. "నీ గురించెందుకే చెప్తున్నావు? నా గురించి చెప్పు."

"ఇద్దరి గురించీ చెప్తున్నాను. ఉండమ్మా."

ముందు వరసలో ఎవరో చిన్నగా నవ్వారు. వెనక మాత్రం నవ్వలేదు. ఎర్ర కోటు ఆవిడ ఇంకా నిలబడే ఉంది. ఈసారి నెమ్మదిగా మాట్లాడింది. దేదీప్య మొహం పాలిపోయింది.

"ఏమంటోంది?"

"పార్కింగ్‌లో... నాన్నని మొహం మీదే ఎలుక అన్నాను అంటోంది."

"ఎలుకా? ఎలుకేమిటి?"

"ఇక్కడ అట్లా అంటారు అమ్మా. సొంతవాళ్ళ మీద చాడీలు చెప్పేవాళ్ళని."

"మీ నాన్న ఏమన్నారట?"

దేదీప్య అడిగింది. ఆవిడ చెప్పింది. "నవ్వాడంట. ఇంటికి సేఫ్‌గా వెళ్ళండి అన్నాడంట."

ఎర్ర కోటు ఆవిడ తన సంచీ తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. డెన్నిస్ తల వంచుకుని మఫ్లరు చివర మెలిపెడుతూ ఉన్నాడు. చప్పట్లు లేవు, ఓదార్పులు లేవు. తర్వాత చేతులెత్తమన్నారు. గోలు వెనక కుర్చీలు తీసేసి కమ్మీలు వేయడానికి టీమ్ వాళ్ళు ఒప్పుకున్నారు, ముందు సగం మెట్లకి, చూద్దామని. పేరు సంగతి కమ్మీలు పడ్డాక మాట్లాడదామన్నారు. అంతే.

బయటికి వచ్చేటప్పుడు డెన్నిస్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "వేసెయ్" అన్నాడు మెల్లగా. కృష్ణకుమారి తలాడించి కారెక్కింది.

దారిలో వాన పట్టుకుంది. దేదీప్య వైపర్లు వేసి, "ఇప్పుడు అందరికీ తెలుసు కదా అమ్మా. కొంచెం ఓకేనా?" అంది.

"అందరికీ తెలిస్తే నాకేం తగ్గుతుందే? చెప్పుకోవాల్సింది ఆయనకి." వైపర్ల వంక చూస్తూ అంది. "పక్కనే ఉన్నాడు అన్నాళ్ళూ. అన్నం పెడుతూ కూడా చెప్పలేదు. ఆయన తెలిసీ అడగలేదు. ఆయన అడగలేదు కదా అని నేను చెప్పలేదు."

దేదీప్య ఎర్ర లైటు దగ్గర కారాపి తల్లి చెయ్యి మీద చెయ్యి వేసింది.

శనివారం వచ్చింది. ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళు కింద కూర్చోవడానికి చోటు కావాలని ఎవరో సోఫాని గోడకి నెట్టేశారు. అప్పట్నుంచి అది అక్కడే ఉంది. టీవీకి దూరంగా, అడ్డంగా. ఇవాళ దాన్ని పాత చోటికి జరపాలనిపించింది. దేదీప్య ఒక వైపు, తను ఒక వైపు పట్టి లాగారు.

లాగాక వెనక వైపు కనిపించింది. లేత గోధుమ రంగు బట్ట మీద గుండ్రంగా రెండు మరకలు. పక్కపక్కన, కాస్త ఎడంగా. దుమ్ము పట్టి నల్లబడ్డాయి గానీ చెదరలేదు. సెప్టెంబరులో చివరి ఆట రోజువి. ఆ తర్వాత వచ్చిన శనివారం ఆవిడ ఏదో పనిలో పడి తుడవలేదు, ఆ మీద ఎన్ని శనివారాలు వచ్చినా ఎవరికీ గుర్తులేదు. వంగి చూస్తే వాసన కూడా ఉన్నట్టే ఉంది, కర్పూరం, నువ్వుల నూనె.

అలవాటు ప్రకారం కాళ్ళు వంటింట్లోకి వెళ్ళాయి. గిన్నెలో వేణ్ణీళ్ళు పట్టి, సబ్బు వేసి, గుడ్డ ముంచి పిండింది. వచ్చి సోఫా వెనక మోకాళ్ళ మీద కూలబడింది. మరకలు సరిగ్గా మొహానికి ఎదురుగా ఉన్నాయి. గుడ్డలోంచి నీళ్ళు ముంజేతి మీదుగా కారి జాకెట్టు చేతిని తడిపాయి.

"అమ్మా, ఇలా ఇవ్వు. నేను తుడుస్తాను" అంది దేదీప్య.

"వద్దు."

"గట్టిపడితే ఇంక పోదు అమ్మా."

"తెలుసు."

కృష్ణకుమారి లేచి, గిన్నెలో నీళ్ళు సింకులో ఒంపేసింది. గుడ్డని మళ్ళీ పిండి ఆరేసింది. తర్వాత వచ్చి సోఫా వెనక, ఆ రెండు మరకల దగ్గర నిలబడింది.